కొండ, నెలవంక, కొండ

మంగళవారం, పొద్దున పది గంటలు

టంకసాలలో అచ్చులు చెక్కిన బావకి, అక్కడే నాణేల మిషను నడిపిన మొండివాడు దణ్ణం పెట్టి రాసేది. ఇక్కడ మోకాళ్ళు తప్ప అన్నీ క్షేమం. నీ కళ్ళకి మసక కమ్మిందనీ, వచ్చేవారం ఆపరేషననీ, ఉత్తరాలు మీ అమ్మాయే చదివి పెడుతోందనీ విన్నాను. అమ్మాయీ, నావి కోడిగీతలు, ఓపిగ్గా చదువు.

బావా, నాకు ఇప్పటికీ ఆ బంగారు నాణేలే కలలోకి వస్తాయి. మిషన్లోంచి గోరువెచ్చగా రాలి, రేకు పళ్ళెంలో వాన చప్పుడు చేసేవి. నాణెం మీద దీపం పట్టుకున్న ఆడమనిషి, పక్కన ఆ ఇంగ్లీషు అక్షరాలు. నా కంటికవి అక్షరాలా? కొండ, నెలవంక, కొండ. ఆపైన వంకర కర్ర, మూడు కత్తెరలు, చివర పుల్లలు. అది ఆమె నడిచే దారి అనుకునేవాణ్ని. కొన్నేళ్ళు ఏటా ఓ పుల్ల మొలిచింది. ఈమె ఎక్కడికో చేరుతుందిరా అనిపించేది. కలలో నేనూ వెనకాలే నడిచేవాణ్ని, చెప్పుల కింద బంగారు పొడి.

ఓ కొత్త సంవత్సరం మొదటి నాణెం చూస్తే, నిరుడు తొమ్మిదున్న గుర్తులు ఐదయ్యాయి. దారి తెగిపోయింది. మిషను ఆపేసి, ఒళ్ళు వంగక నాలుగక్షరాలు మింగిన దొంగవని నలుగురిలో నిన్ను తిట్టాను. నువ్వు తల వంచుకుని, పొరపాటే బావా, చూసుకుంటాను అన్నావు. అందరూ పకపకా నవ్వారు. ఆ రోజు నుంచి నీతో మాట మానేశాను. ముప్పై ఏళ్ళు దాటింది.

నిన్న మనవరాలు నాణేల బొమ్మల పుస్తకం తెచ్చి, పిచ్చి తాతా, ఇవి అక్షరాలు కావు, రోమన్ అంకెలు, ఇది సంవత్సరం అంది. మొదటి మూడు గుర్తులూ పంతొమ్మిది వందలట, ఆపైన ఎనభై తొమ్మిదికి ఇంకో ఆరు కావాలట, తొంభైకి రెండు చాలట. నువ్వు చెక్కింది సరైనదే. తెలియక అన్నాను, మనసులో పెట్టుకోకు. గురువారం వస్తాను. తలుపు తీస్తే లోపల కూర్చుంటాను, తియ్యకపోతే మెట్ల మీద. కళ్ళకి కట్టు కట్టకముందే నా ముఖం ఓసారి చూడు. అంత చూడదగ్గదేం కాదులే.

ఇట్లు,
నీ మొండి బావ

మరో మాట: నిన్న తెలిసిందన్నది అబద్ధం. నిన్ను తిట్టిన రోజు సాయంత్రమే అది సంవత్సరమని సూపర్‌వైజరు చెప్పాడు. వాళ్ళు నవ్వింది నన్ను చూసి. నాకు ఆ ఇంగ్లీషు రాత చదవడం రాదని బయటపడకూడదని నువ్వు లేని తప్పు నెత్తిన వేసుకున్నావు. అది తెలిసీ రాలేదు. పొగరు. అమ్మాయీ, ఈ ముక్క మీ నాన్నకి గట్టిగా చదువు. పక్కింటికి వినపడినా ఫరవాలేదు.