క్రిస్మస్ లోపు

సెప్టెంబర్ 8, సోమవారం

రేపు ఒకటే డెలివరీ. ఈ-రే కార్వెట్. బయట నీలం, లోపల ఎర్ర లెదర్. టేస్టున్న మనుషులే. స్టిడమ్ అట ఇంటిపేరు. కెంటకీ తూర్పు కొండల్లోంచి, నాలుగు గంటల దారి నుంచి వస్తున్నారు.

కార్వెట్ స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లు అది తయారైన ఊరికి స్వయంగా వచ్చి తీసుకెళ్లడం మా బౌలింగ్ గ్రీన్‌లో పెద్ద ముచ్చట. ముందురోజే కారు కడిగి హాల్లో నిలబెడతాం. మర్నాడు దాని గుణగణాలన్నీ వల్లించి, తాళం చేతికిచ్చి, చప్పట్లు కొట్టి సాగనంపుతాం. అచ్చం అప్పగింతలే. ఫ్యాక్టరీ లైన్‌లో ఇరవై రెండేళ్లు చేసి నడుం పోగొట్టుకున్నాక నాకీ ఉద్యోగం దొరికింది. రోజంతా వాగడమే పని. అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

స్టిడమ్ దంపతులు ఆగలేక సాయంత్రమే వచ్చేశారు. కారు కడుగుతుంటే అద్దం అవతల నిలబడి కాసేపు చూసి మోటెల్‌కి వెళ్లిపోయారు. ముసలాయనకి ఎనభై దగ్గరుంటాయి. రెండు చేతులూ వణుకుతున్నాయి, టోపీ కూడా సరిగ్గా పట్టుకోలేకపోతున్నాడు. భార్య పొట్టి మనిషి, భుజాన పెద్ద సంచీ. వాళ్లు వెళ్లాక నాతో పనిచేసే కర్టిస్, నేను కారుని హాల్లోకి తెచ్చాం. దారి పొడుగునా ముసలాయన మీద జోకులే. కర్టిస్ నవ్వేకొద్దీ నా నోరు పెరుగుతుంది. నవ్వీ నవ్వీ వాడికి పొలమారింది.

సెప్టెంబర్ 9, మంగళవారం

పరువు పోయింది.

గంటసేపు ముసలాయనకే చెప్పాను. ఆయన పేరు హోబర్ట్. యాభై మూడులో మొదటి మూడు వందల కార్లూ తెల్లరంగువే అన్న దగ్గర మొదలుపెట్టి, ఎనభై ఒకటిలో ఫ్యాక్టరీ సెయింట్ లూయిస్ నుంచి మా ఊరికి మారడం, ఇరవైలో ఇంజన్ ముందు నుంచి సీట్ల వెనక్కి రావడం, అన్నీ. తర్వాత ఈ కారు సంగతి. వెనక చక్రాల్ని ఇంజన్ తిప్పుతుంది, ముందు చక్రాల్ని కరెంటు మోటారు. ప్లగ్గు పెట్టక్కర్లేదు, బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ తనే నింపుకుంటుంది. నిలబడ్డచోటి నుంచి అరవై మైళ్ల వేగానికి రెండున్నర సెకన్లు. ఆయన ప్రతిదానికీ తలూపాడు.

మధ్యమధ్యలో ఆవిడ అడుగుతూనే ఉంది. మంచులో ఏటవాలు ఎక్కుతుందా, సీటు ఎంత పైకి లేస్తుంది, దారిని వీడియో తీసే రికార్డర్ ఎలా పెట్టాలి. ఆవిడ అడిగింది. నేను ఆయన్ని చూస్తూ జవాబు చెప్పాను.

చివర్న తాళం ఆయన ముందుకి చాపాను. ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నాడు.

“బండి నాది కాదమ్మా, ఆవిడది” అన్నాడు. “నన్ను ఎక్కించుకుంటుందో లేదో అడగాలి.”

చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఆవిడ పేరు ఓపల్. నవ్వకుండా నా చేతిలోంచి తాళం తీసుకుంది. కొండదారుల్లో స్కూలు బస్సు నడిపిందట, ముప్ఫై ఏళ్లు. కారు ముందు పెట్టిన పేరుపలక మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ముందున్నది ఆవిడదే. ఆ పలకని నిన్న నేనే తుడిచాను.

నేను కారు అమ్మే చోటికి వెళ్తే నన్ను దాటి నా వెనక మగాడి కోసం వెతికే సేల్స్‌మెన్‌ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో లెక్కలేదు. ఇవాళ నేనే ఆ పని చేశాను. ఆవిడ సీటు సర్దుకుని, అద్దాలు సర్దుకుని, ఒక్క చేత్తో స్టీరింగ్ తిప్పుతూ గుమ్మం దాటింది. నేను చప్పట్లు కొట్టాను.

సెప్టెంబర్ 10, బుధవారం

నిన్నటిది అసలు ఒక లెక్కలోదే కాదు.

ఇవాళ ఇంకో కస్టమర్‌కి రికార్డర్ చూపిస్తున్నాను. అద్దం మీది కెమెరా దారిని తీస్తుంది, లోపలి మైకు మన మాటల్ని పట్టుకుంటుంది, స్పీడూ గేరూ అన్నీ స్క్రీన్ మీద పడతాయి. అది ఆన్‌లో ఉంటే మూల ఎర్ర చుక్క వెలుగుతుంది. ఆ చుక్క చూడగానే సోమవారం గుర్తొచ్చింది.

ప్రతి కారుకీ ముందురోజు కస్టమర్‌కిచ్చే మెమరీ కార్డు పెట్టి రికార్డర్ పనిచేస్తోందో లేదో చూస్తాను. కాసేపు నడిపి, ఆపి, తుడిచేస్తాను. సోమవారం ఆన్ చేసింది నాకు గుర్తుంది. ఆపింది గుర్తులేదు. కర్టిస్ ఎక్కాడు, జోకులు మొదలయ్యాయి, ఇంజన్ ఆపి దిగిపోయాం. ఇంజన్ ఆపితే అది తనంతట తనే క్లిప్పుని దాచుకుంటుంది.

ఓపల్ కార్డులో మొట్టమొదటి క్లిప్పు నాది.

ఏమన్నానో రాస్తాను. రాయకపోతే నేనే చిన్నది చేసేసుకుంటాను. “ఈ ముసలాడు లాంచ్ కంట్రోల్ నొక్కి బండిని ఒక్కసారి దూకిస్తే గుండె అక్కడే ఆగుతుంది. చూస్తూ ఉండు, క్రిస్మస్ లోపు ఆ ముసలమ్మ నల్లబట్టలేసుకుని దీన్ని సగం ధరకి అమ్ముకుంటుంది.” అయితే నేనే కొంటానన్నాడు కర్టిస్. “నువ్వు పూలు పట్టుకెళ్లు, బేరం నేనాడతా” అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఆవిడ నిన్న ఒకటి చెప్పింది. హోబర్ట్‌కి పార్కిన్సన్స్ ముదిరిపోయిందట, వచ్చే ఏడాదికి మంచం దిగలేడని డాక్టర్ అన్నాడట. తను నడిపినవన్నీ రికార్డు చేసి మంచం దగ్గర వేసి చూపిస్తుందట. అసలు ఈ కారు కొన్నదే అందుకట. రికార్డర్ గురించి అన్నిసార్లు అడిగింది అందుకే.

సెప్టెంబర్ 11, గురువారం

ముసలివాళ్లకి ఆ క్లిప్పు వేసుకుని చూడటం ఎక్కడొస్తుంది, వదిలెయ్ అంటాడు కర్టిస్. వాళ్లకి నేర్పింది నేనే. రెండుసార్లు.

సెప్టెంబర్ 16, మంగళవారం

వారం తర్వాత కస్టమర్‌కి ఫోన్ చేసి బాగోగులు అడగాలి. అది నా డ్యూటీ. రెండుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. మూడోసారి ఓపల్ ఎత్తేసింది.

బండి బాగుందంది. చప్పుడు లేకుండా బ్యాటరీ మీద ఇంట్లోంచి బయల్దేరే ఏర్పాటు ఉంది కదా, అది హోబర్ట్‌కి గిట్టడం లేదట. దొంగల్లా వెళ్లడమెందుకు, వీధంతా వినేలా స్టార్ట్ చెయ్యి అంటాడట. నేను అతిగా నవ్వాను. తర్వాత గొంతు సవరించుకుని, రికార్డర్ ఎలా ఉందండీ అని అడిగాను.

“ఇంకా చూళ్లేదు. చలికాలానికి దాచుకున్నాం” అంది. “ఏం, అందులో ఏమన్నా ఉందా?”

“ఏమీ లేదండీ, ఊరికే” అన్నాను.

సెప్టెంబర్ 17

ఏమీ లేదండీ.

సెప్టెంబర్ 28, ఆదివారం

చర్చిలో ఒక్క ముక్క చెవికెక్కలేదు. కార్డులో లోపం ఉంది, పాతది పంపండి, కొత్తది పంపిస్తాం అని ఓపల్‌కి ఈమెయిల్ రాశాను. చాలా మర్యాదగా కుదిరింది. పంపేముందు చదువుకుంటే నా మీద నాకే రోత పుట్టింది. తుడిచేశాను. నోటితో చేసింది చాలక చేత్తో కూడానా.

నిన్న టెక్సస్ నుంచి ఒకడొచ్చాడు. కొత్త జెడ్ఆర్1ఎక్స్ మోడల్ గురించి, పన్నెండు వందల యాభై హార్స్‌పవర్ గురించి అడిగి, నేను చెప్పబోతుంటే తెలిసిన మగవాళ్లెవరూ లేరా అన్నాడు. మామూలుగా అయితే వాడి తాట తీసేదాన్ని. కర్టిస్‌ని పిలిచి పక్కకి తప్పుకున్నాను.

అక్టోబర్ 11, శనివారం

వెళ్లొచ్చాను.

నా ఎనభై తొమ్మిది మోడల్ కార్వెట్ వేసుకుని వెళ్లాను. క్లచ్ ఉన్న బండి, ఆరు గేర్లు. ఎదురుగా కార్వెట్ వస్తే చేయి ఊపాలి, ఇది మా కులాచారం లాంటిది. ఎవరైనా ఊపకపోతే ఇంటికొచ్చి వారం రోజులు ఆడిపోసుకుంటాం. ఇవాళ దారిలో మూడు కార్వెట్లు ఎదురొచ్చాయి. ముగ్గురూ ఊపారు. నా చెయ్యి లేవలేదు.

వాళ్ల ఇల్లు కొండ వాలులో ఉంది. నీలం కారు రేకుల కింద ఉంది, మీద ఒక్క ఎండుటాకు లేదు. హోబర్ట్ వరండాలో మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. నాలుగు గంటలు దారంతా పాఠం అప్పజెప్పుకుంటూ వచ్చాను కానీ మెట్ల దగ్గరే అంతా మర్చిపోయాను. మీ కార్డులో నా మాటలున్నాయి, మీ ఇద్దరి గురించి నీచంగా వాగాను, మీరు వినకముందే చెప్పాలని వచ్చాను అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఓపల్ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది.

“విన్నాం” అంది. “ఇంటికొచ్చిన రోజే విన్నాం. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.”

నేను ఆవిడ చెప్పులకేసి చూస్తున్నాను.

“మరి ఫోన్లో చూళ్లేదని ఎందుకన్నాననుకున్నావ్? నువ్వే చెప్తావేమోనని సందిచ్చా. నువ్వు ఏమీ లేదండీ అన్నావ్.”

అన్నాను.

హోబర్టే కల్పించుకున్నాడు. “పోనీవే. నా ఒంటి సంగతి ఆ పిల్ల అబద్ధం చెప్పలేదుగా. నువ్వు సగానికి అమ్ముతావందే, అదే నాకు నచ్చలేదు. నీకు బేరం రాదనుకుంది.” ఓపల్ ఆయన వైపు చూసి లోపలికెళ్లిపోయింది.

ఆయన నన్ను కూర్చోమన్నాడు. పదహారేళ్లప్పుడు తండ్రికి గని దగ్గరికి క్యారేజీ పట్టుకెళ్తుంటే అరవై మూడు మోడల్ కార్వెట్ పక్కనుంచి వెళ్లిందట. వెనక అద్దం రెండు ముక్కలుగా ఉంటుందే, ఆ మోడల్. అందులోవాడు ఈయనకి చేయి ఊపాడట. మీలో మీరే ఊపుకుంటారని నాకప్పుడేం తెలుసు, నేనూ ఊపా అన్నాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు గనిలో చేశాడు. ఆ రోజు సంగతి ఓపల్‌కి ఎన్నిసార్లు చెప్పాడో ఆయనకే తెలియదట.

ఓపల్ ప్లేట్‌లో యాపిల్ కేకు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ కొండల వైపు ఎంత కోపమున్నా పెట్టకుండా పంపరు. తను మాత్రం కూర్చోలేదు. ఆ క్లిప్పు తుడిచేయమని బతిమాలాను.

ఆవిడ ఏదో అనబోయింది. “ఉంచవే” అన్నాడు హోబర్ట్. “క్రిస్మస్ దాకా ఉంచు. పందెం కాసింది కదా, తేలాలిగా.”

కేకు మొత్తం తిన్నాను.

నవంబర్ 19, బుధవారం

ఒక కస్టమర్ పొట్ట మీద కర్టిస్ జోకేశాడు. ముందు ఎర్ర చుక్క ఉందేమో చూసుకుని, లేదని తెలిశాక నవ్వాను. సిగ్గులేదు నాకు.

డిసెంబర్ 14, ఆదివారం

తూర్పు కొండల్లో మంచు బాగా పడుతోందట. ఓపల్ నుంచి కబురేమీ లేదు. ఫోన్ చేయడానికి ధైర్యం లేదు. చేసి ఏమడుగుతాను, ఆయన ఉన్నాడా అనా?

ఎక్కడికెళ్లినా అవే పాటలు, అవే దీపాలు. కొట్లో బిల్లు వేసే పిల్ల క్రిస్మస్ శుభాకాంక్షలు చెబితే జవాబివ్వకుండా వచ్చేశాను. ఒక ముసలాయన ప్రాణాన్ని తారీఖు వేసి మరీ నవ్వులాటలో పెట్టాను. దేవుడా, నా ఈ ఒక్క మాట తప్పని తేల్చు.

డిసెంబర్ 26, శుక్రవారం

ఓపల్ ఒక క్లిప్పు పంపింది. కింద ఏమీ రాయలేదు.

మంచు పక్కకి తోసిన కొండదారి. స్పీడు ఇరవై రెండు. చాలాసేపు ఇంజన్ మోత ఒకటే. తర్వాత హోబర్ట్ గొంతు, చాలా సన్నగా.

“ఇవాళ తారీఖెంతే?”

“ఇరవై ఆరు.”

“బండెవరిది?”

“నాది.”

“ఆ పిల్లకి పంపు.”

ఓపల్ నవ్వింది.