శనివారం బడి లేదు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ కూతురు మల్లిక సంగతి నీకు చెప్పుకోవాలి, తప్పు నాది కాబట్టి.

ఇకనుంచి శనివారం కూడా సెలవిస్తే ఎలా ఉంటుందని బడిలో తల్లిదండ్రులను పిలిచి అడిగారు. నీ బదులు నేను వెళ్లాను. "ఇంటికాడ ఎవురుంటారు సార్? ఆ పూట బళ్లో అన్నం కూడా పాయె" అంది ఒక కూలి ఆమె. నేను లేచి, పిల్లలకు విశ్రాంతి కావాలి, ఆటలు కావాలి అని డిగ్రీ చదివినదానిలా మాట్లాడాను. నా మాటకే చేతులు లేచాయి.

శనివారం నాకు నరసరావుపేటలో డ్యూటీ, అమ్మకు మిరపకోతలు. "ఏందే, పిల్లను ఒంటరిగా ఇంట్లో పడేసి పోమంటావా? నాతో తీసకపోతా, గట్టు మీద ఆడుకుంటది" అంది అమ్మ.

మొదటి వారం ఆడుకుంది. కోతల కూలి ముఠాలో తల్లి కోసే సాలు, ఆ మిరప వరుస, కూతురిదే కదా. నువ్వు పోయాక నీ సాలును తలా కాస్త కోస్తున్న ఆడవాళ్లు, రెండో వారం మల్లికను అందులో నిలబెట్టారు. చేతులు మంటలని ఏడిస్తే మొన్న శనివారం రాత్రి నేనే మజ్జిగతో కడిగాను.

ఈ సోమవారం పొద్దున బడికి బయల్దేరమంటే కదల్లేదు.

"మంట తగ్గలేదా?" అన్నాను.

"తగ్గింది పిన్నీ. నేను చేనుకే పోతా. ఆడ అందరూ నన్ను 'ఏమే కోటేశ్వరీ' అని అమ్మ పేరు పెట్టి పిలుస్తన్నారు. బళ్లో అట్టా ఎవురూ పిలవరుగా."