కూర్చుని చేసే పని

అమ్మది కూర్చుని చేసే పని అని మీ కాలేజీ సార్‌తో చెప్పింది నువ్వే, సారికక్కా. ఆ ఒక్క మాటకి అమ్మ మోకాలు పోయింది. విశాఖ వెళ్ళాక నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. క్షేమమా అని అడగను.

కడియం నర్సరీలో అమ్మ కూర్చునే మాట నిజమే. ఎలా కూర్చుంటుందో నీకు తెలియదా? పొద్దుగూకే వరకు మట్టిగుట్ట పక్కన గొంతుక్కూర్చుని, కవర్లలో మట్టి కూరుతూ, లేవకుండానే పక్కకి జరుగుతూ. ఆ కూలితోనే నువ్వు ఫిజియోథెరపీ చదివావు. మీ సార్ మాత్రం ఫ్యాను కింద కుర్చీలో కూర్చునే గుమస్తా అనుకుని అమ్మను తన పరీక్షలో కూర్చుని పనిచేసేవాళ్ళ జట్టులో వేశాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చేత వారం వారం బిగువు పెంచుతూ సైకిలు తొక్కిస్తే ఒంటికి ఎంత మేలో చూడాలట. గుండె చూశారు, బీపీ చూశారు. మోకాలు ఎవరూ చూడలేదు.

పని దిగి రాజమండ్రిలో మీ కాలేజీకి బస్సెక్కేది అమ్మ. ఒకరోజు నేనూ వెంట వచ్చాను. కదలని ఆ సైకిలు మీద పళ్ళు బిగించి తొక్కుతుంటే నువ్వు పక్కన నిలబడి, "ఇంకొంచెం అమ్మా, ఇంకొంచెం. సార్ చూస్తున్నారు" అన్నావు. తిరుగు బస్సులో మోకాలు పట్టుకుని కూర్చుంది. మానెయ్యమన్నాను.

"నోర్ముయ్‌రా. అమ్మాయి పరువు పోద్ది."

అమ్మ ఎలా ఉంది, డబ్బు పంపనా అని ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నావు కదా, విను. కాలు మడవలేదు. లోపల గుజ్జు చిరిగిపోయిందట, ఇక గొంతుక్కూర్చోవడం ఎప్పటికీ కుదరదన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు. నర్సరీకి వెళితే మేస్త్రి పల్లంరాజు, "కూర్చోలేనిదానివి ఇక్కడేం చేస్తావే జ్ఞానమ్మా? ఇంటికెళ్ళి కూర్చో" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అప్పట్నుంచి ఇంట్లో ఉన్నంతసేపూ గోడవైపు తిరిగి పడుకునే ఉంటోంది.

మీ కాలేజీకి వెళ్ళి అడిగాను. "ఆవిడ మధ్యలో మానేశారండి. ఇంటి ఇబ్బందులని మీ అక్కగారే చెప్పారు. ఇది ఆరోగ్యవంతుల మీద చేసే పరీక్ష కదండీ, ఆవిడ ఇప్పుడు లెక్కలో లేరు" అన్నారు. చెడినవాళ్ళని తీసేస్తే మిగిలినవాళ్ళంతా బాగానే ఉంటారు మరి.

ఈ సంగతి రాయొద్దంది అమ్మ. అయినా రాస్తున్నాను. పోయిన ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గర అందరూ మోకరిస్తే అమ్మ ఒక్కతే నిలబడింది. "ఏంటమ్మా, మోకాళ్ళ నొప్పులా?" అని అడిగారు పాస్టరు అయ్యగారు.

"పర్లేదండి. మా అమ్మాయి డాక్టరేనండి, వచ్చి చూసుద్దండి."

నీ డబ్బు నాకొద్దు. అమ్మ మానెయ్యలేదని, ఆ సైకిలు మీదే కాలు పోయిందని మీ సార్‌తో చెప్పు. ఆ మాట ఫోన్లో అమ్మ కూడా వినేట్టు చెప్పు. వచ్చే ఆదివారం చర్చి మొదటి గంట కొట్టేలోపు నీ జవాబు రావాలి. రాకపోతే, నువ్వు రావని రెండో గంటకి అయ్యగారితో నేనే చెబుతాను. అమ్మ పక్కనే నిలబడి ఉంటుంది.

ఇట్లు,
జ్ఞానమ్మ కొడుకు
ఆరోన్