అతికించిన పేజీలు

12 ఆగస్టు 2012, ఆదివారం
శంషాబాద్

దేశపు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు శిక్షణ శిబిరం నుంచి చెల్లికి పిలుపు వచ్చింది. బాపు సంతకం పెడితేనే పోగలదు.

"గా జట్టు గెలుస్తదా, ఓడుతదా? నీ నోట్‌బుక్ తెచ్చి చదువు బిడ్డా" అన్నాడు బాపు. ఆ జట్టు ఆడిన మ్యాచ్‌ల వార్తలు పేపర్లోంచి కత్తిరించి అందులో అతికిస్తుంటానని ఆయనకు తెలుసు.

ఇలా అడుగుతాడనే, ఓడిన వార్తలున్న పేజీలను నిన్న అన్నం మెతుకులతో ఒకదానికొకటి అంటించేశాను. గెలిచినవే చదివాను. మధ్యలో విమానం పోతే, మోత తగ్గేదాకా ఆగి మళ్లీ చదివాను.

"అన్నీ గెలిచిండ్రా? గట్లయితే మన పిల్లతోని వాళ్లకేం పని?"

చెల్లి గోల్‌కీపర్. "అక్కా, ఓడినయి గూడ చదువు. నేను పోయేది గందుకే కదా" అంది.

తడిబట్ట అద్ది పేజీలు విడదీశాను. సిగ్గుపడుతూనే ఒక్కటీ వదలకుండా చదివాను.

"గన్ని గోల్స్ పడంగ, గాడ నిలబడ్డ పిల్లకు ధైర్యం చెప్పేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు బాపు.

ఆ సంగతి ఏ పేపరూ రాయలేదు. తెలియదన్నాను.

సంతకం పెట్టాడు.

పేజీలు ఇంకా ఆరలేదు. ఇకమీదట ఓడిన వార్త వస్తే, ఆ గోల్ దగ్గర నిలబడింది మా చెల్లే కావచ్చు. అప్పుడు కత్తెర పట్టుకోగలనా...