తువ్వాలు నా చేతికివ్వాలి

మసకజుకు, హచినోహెలో కూతురు సుమియె ఇంట ఉంటున్న నీ తల్లి ఇనోమాత కికు, డెబ్బై ఎనిమిదేళ్లది, చెప్పి రాయించడమేమనగా, ఇక్కడ అందరం క్షేమం.

నిన్న ఊరి స్నానశాల టీవీలో టోక్యోలో జరుగుతున్న నీ కిక్‌బాక్సింగ్ పోటీ చూశాను. ఎడమ కన్ను మూసుకుపోయి నువ్వు తన్నులు తింటుంటే, తువ్వాలు విసిరి పోటీ ఆపాల్సిన నీ గురువు దాన్ని మెడలో వేసుకుని కూర్చున్నాడు. ఆగలేక నా తడి తువ్వాలే టీవీ మీదికి విసిరాను.

"బామ్మా, అది టోక్యో దాకా చేరదే!" అని ఆడవాళ్లు నవ్వారు.

ఇరవై ఏళ్లుగా గెలిచావా, ఓడావా అని నేనడగలేదు. వచ్చే పోటీకి నేనే వస్తాను. తువ్వాలు నా చేతికివ్వమని నీ గురువుకు చెప్పు. నేను పంపిన ఎండుచేపలు అందాయా? కంట్లో మందు వేసుకుంటున్నావా?

నేను విసిరితే నీకు కోపమొస్తుంది. రానీ నాయనా, రెండు కళ్లతోనూ నన్ను ఉరిమి చూద్దువుగాని.

ఇనోమాత కికు వేలిముద్ర
సాక్షులు: కూతురు సుమియె, స్నానశాల యజమాని తొకువొ