గుహ పటంలో నాయనమ్మ పేరు

హేమా, ఆ గుహ పటం కాలేజీకి అప్పుడే పంపకు. ఈ చీటీ రాస్తున్న మీ తాత ఎండుచేపలతో చీపురుపల్లి సంతకెళ్తున్నాడు, సాయంత్రం వచ్చేదాకా ఆగు. గంజన్నం పొయ్యి పక్కన ఉంది, తిను.

పటం గీయడానికని నువ్వు ఏరికోరి తెచ్చిన కొత్త సాఫ్ట్‌వేరు మన ముసలి కంప్యూటరులో ఎక్కనే లేదు. ఎక్కిన పాతదానికేమో తెలుగు రాదు, పేరు కొడితే వరసగా ఖాళీ డబ్బాలు పడుతున్నాయి. అందుకని గుహలోని ‘లక్ష్మణమ్మ సందు’ను ‘ఏ-7’ చేసేశావు. అడిగితే, “పేరేటైతే ఏటి తాతా, పనైపోనాది కదా!” అన్నావు.

ఆ సందులో మీ నాయనమ్మ ఇరుక్కుపోయి, “నవ్వకు మావా, ముందు లాగు!” అని అరిచిన అరుపుకి గబ్బిలాలన్నీ లేచి ఒడిశా దాకా ఎగిరిపోయాయి. ఊరివాళ్లు నవ్వి నవ్వి ఆ సందుకి ఆవిడ పేరే పెట్టారు. ఆవిడకి ఒక్క ఫోటో కూడా లేదు. మిగిలింది ఆ పేరొక్కటే.

‘ఏ-7’ చెరిపేసి, ఆ చోటు ఖాళీగా ఉంచి పటం అచ్చు తీయించు. పేరు మీ తాత పెన్నుతో రాస్తాడు.

ఇంకోమాట: మీ తాత పోయాక ఏ అంకె అవుతాడో ఇప్పుడే చెప్పు. పిలిస్తే పలకడం అలవాటు చేసుకుంటాడు.