పెద్ద పొయ్యి పక్క గది

నవంబరు 9, 1982

గది రమీజాకే ఇచ్చారు.

వంటింటి వెనక స్టోరు. మధ్యలో చెక్క గోడ, దానికో తలుపు పెట్టించి రెండు చేశారు. అటు సగంలో ఇంటాయన బాబా తెప్పిస్తున్న ఫర్నేసు, ఇటు సగంలో మంచం. చలికాలమంతా గోడే వెచ్చగా ఉంటుందట. నాకు మాత్రం డాబా మీది గదే. నీళ్ల ట్యాంకు పక్కన, రేకు తలుపుతో.

"నువ్వు చదువుకున్నదానివి సుజాతా, నీకు విడిగా ఉండాలి" అంది ఇంటావిడ మామా. చలిని కూడా మర్యాదలా వడ్డించడం ఈవిడ దగ్గరే నేర్చుకోవాలి.

నేనొచ్చి రెండేళ్లు. రాయచోటి నుంచి రమీజా ఈ ఇంట్లో పనికి వచ్చింది మొన్న రంజాను తర్వాత.


నవంబరు 14

వచ్చింది ఫర్నేసు. పచ్చ రంగు. బీరువా అంత. ఈ అరబ్బు దేశంలో, ఈ జాబ్రియాలో అందరూ కిరోసిన్ స్టవ్ ముందు చేతులు కాచుకుని చలికాలం గడిపేస్తారు. మా బాబా ఏ దేశంలోనో చూసొచ్చాడు, ఇక ఆగలేదు. డీజిల్‌తో మండుతుంది. ఎండాకాలం ఏసీ గాలి వచ్చే గొట్టాల్లోంచే ఇప్పుడు వేడి గాలి గదిగదికీ పోతుంది. డాబా మీదికి గొట్టం లేదు. అడిగాను.

బిగించడానికొచ్చినవాడు ఖాదర్ బాషా. మా కడపవాడే. వచ్చీరాగానే రమీజాతో ఉర్దూ మొదలుపెట్టాడు. ఇద్దరూ ఒకటే నవ్వు. నేను ఇంటివాళ్ల పాప నూరాకి ఎక్కాలు చెప్తూ ఉన్నాను... మూడో ఎక్కం ఎక్కడ ఆగిందో నాకే తెలీలేదు.


నవంబరు 16

పని అయిపోయింది. పెరట్లో ట్యాంకు, అక్కడి నుంచి రాగి పైపు, గోడ పైనుంచి బయటికి పొగ గొట్టం. ప్రతి జాయింటు కిందా తెల్ల కాగితం పెట్టి కాసేపు చూశాడు. చుక్క పడలేదు. మెయిన్ స్విచ్ మాత్రం లోపల పెట్టలేదు, వంటింటి గోడకు పెట్టాడు. ఏదన్నా అయితే మంట దగ్గరికి పోకుండానే కట్టేయొచ్చని.

జాగ్రత్తలు చెప్పింది ఎవరికి? బీయస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసులో పాసైన నాకా? కాదు. పక్కన పడుకునేది రమీజా కాబట్టి దానికి. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. నాకు తెలియాలని కాబోలు, మధ్యమధ్య తెలుగులోకి దిగాడు.

"ఎర్ర బటన్ ఒక్కసారే నొక్కల్ల. అంటుకోలేదా, మళ్లీ నొక్కొద్దు. స్విచ్ కట్టేసి ఫోన్ కొట్టు."

"నొక్కితే ఏమైతాది భాయ్?"

"లోపల డీజిలు నిండి ఢమ్మంటాది. ముఖం నల్లగైతాది. ఇంగ పెండ్లి కాదు."

దానికి ఒకటే నవ్వు.

మంట వెనక గోడకు చిన్న ఇనప జాలీ ఉంది, బయటి గాలి రావడానికి. దాన్ని చేత్తో తట్టి చెప్పాడు. "ఇది మటుకు ఎప్పుడూ మూయగూడదు. మంట గాలి తాగాల. గాలి చాలకపోతే పొగ బయటికి పోదు, ఇంట్లోకే తిరుక్కుంటాది."

పొగ గొట్టం ఎంత వేడెక్కుతుందని అడిగాను. "ఇంజనీరమ్మకు అన్నీ కావాల" అన్నాడు. జవాబు చెప్పలేదు.

ఫర్నేసు సగానికి తాళం వేసి, తాళంచెవి దాని చేతిలో పెట్టాడు. అది వెంటనే బొడ్లో దోపుకుంది. ఇనప్పెట్టె తాళమైనట్టు.


డిసెంబరు 3

నోట్లోంచి పొగ వస్తోంది. డాబా మీద.


డిసెంబరు 11

తలంటుకుని దాని గదిలోకి వెళ్లాను, జుట్టు ఆరబెట్టుకోవడానికి. ఎంత హాయి. గోడకి వీపు ఆనిస్తే ఎముకలు కరిగినట్టు... అవతల సన్నగా మోత, పెద్ద పిల్లి గురక పెట్టినట్టు.

"కూచో అక్కా, నీ ఇల్లే అనుకో."

నీ ఇల్లే అనుకో! ఉతికిన బట్టలు గంటలో ఆరిపోతాయి దానికి. నావి డాబా మీద తీగకు రెండు రోజులు వేలాడి మళ్లీ చల్లగానే దిగుతాయి.


డిసెంబరు 20

నూరాకి నేను అంకెలు నేర్పాను, ఇంగ్లీషు అక్షరాలు నేర్పాను. ఈ సాయంత్రం పుస్తకం మూసేసి పరుగెత్తుకెళ్లి రమీజా ఒళ్లో పడుకుంది. "బుజ్జీ" అంటుంది దాన్ని. అరబ్బు పిల్ల నోట తెలుగు మాట, అదీ రమీజా నేర్పింది.

నా పేరు నూరాకి ఇప్పటికీ "టీచర్".

వీసా మీద ఖాదిమా, పనిమనిషి అన్నమాట. ఇంట్లో టీచర్. గిన్నెలు ఎక్కువగా ఉన్న రోజు మళ్లీ ఖాదిమా.


జనవరి 18, 1983

దుమ్ము. పొద్దున్నే ఆకాశం పసుప్పచ్చగా అయిపోయింది. ఎదురింటి గేటు కనబడలేదు. మామా గొంతు ఇంటి నిండా — "సక్కరీ! సక్కరీ!" మూయండి, మూయండి. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ దీనికోసమే ఒక పాత తువ్వాళ్ల మూట ఉంటుంది. తడిపి కిటికీ సందుల్లో, తలుపుల కింద, ఎక్కడ సూది దూరే సందున్నా అక్కడ కుక్కడమే. మేడ మీద నేను, కింద రమీజా. సాయంత్రానికి పళ్ల మధ్య కూడా ఇసక.

మామా వేలితో బల్ల రాసి చూసి, రమీజా బుగ్గ తట్టింది. కింద దుమ్ము లేదట. పైన ఉందట.


జనవరి 21

రమీజాకి తలనొప్పి. మామా తన తల గుడ్డే విప్పి కట్టింది. "మిస్కీనా, మిస్కీనా." పాపం అని. నన్నెవరూ ఇంతవరకు మిస్కీనా అనలేదు ఈ ఇంట్లో.


జనవరి 24

మళ్లీ. ఈసారి వాంతి కూడా. గమనించాను — పొద్దున పూటే. పెరట్లో బట్టలు ఆరేసి వచ్చేసరికి తేరుకుంటుంది, మధ్యాహ్నానికి నూరాతో గంతులు. పని ఎక్కువ ఉండేది పొద్దునే మరి. దాని గిన్నెలు కూడా నేనే కడిగాను. నాకు అంత నాటకం చేతకాదు.


జనవరి 26

మామా దానికి తేనె కలిపిన పాలు ఇచ్చింది. తన కప్పులో.


జనవరి 27

అది బజారుకెళ్లిన సమయంలో దాని గదిలో కూర్చుని ఇస్త్రీ చేశాను. కాసేపటికి కణతలు లాగడం మొదలు. కళ్లు బరువు. నిద్ర అనుకున్నాను. పెరట్లోకి వచ్చి నిలబడితే మెల్లగా విడిచింది. మళ్లీ లోపలికి వెళితే మళ్లీ... చెక్క తలుపు పై అంచున, గోడ మీద, వేలు పెడితే వేలికి మసి.

గాలి చాలని మంట కక్కే విషవాయువు. రంగు లేనిది, వాసన లేనిది. లాబులో మాస్టారు చెబుతూ ఉంటే నవ్వుకున్నాం, కనబడని దాన్ని ఎలా నమ్మాలని.

బజారు నుంచి వచ్చాక అడిగాను. "తాళంచెవి ఇటివ్వు, ఒకసారి లోపల చూస్తా."

"ఖాదర్ భాయ్ ఎవురికీ ఈయొద్దన్నాడక్కా."

"నేను ఎవరోనా?"

"నువ్వు కాదక్కా... ఆయప్ప చెప్పినాడు గదా."

"సరే. నీ పొయ్యి నువ్వే చూసుకో."

వచ్చేశాను. మామాతో చెప్పాలి. హాల్లో చుట్టాలు, గాజుగ్లాసుల టీ, అత్తరు. చెబితే ఏమవుతుందో తెలుసు — అయ్యో మిస్కీనా అని దాన్ని పైకి తెచ్చి నూరా గదిలో పడుకోబెడతారు.

రేపు.


జనవరి 28

శుక్రవారం. రొట్టెలు తేవడానికి అది లేవలేదు. తలుపు కొట్టాను. పలకలేదు. గడియ పెట్టలేదు... తోశాను. వెచ్చని గాలి ముఖానికి కొట్టింది. వంటింటి స్విచ్ కట్టేశాను ముందు. చంకల కింద చేతులు వేసి పెరట్లోకి ఈడ్చాను. ఎంత బరువు. ముఖం ఎర్రగా, పెళ్లికూతురిలా. మామా అరుపు. బాబా కారు.

కారు వెళ్లాక తలుపులూ కిటికీలూ అన్నీ తెరిచి పెట్టాను.


జనవరి 29

బతికింది. ముక్కుకి గొట్టం పెట్టి గాలి ఇస్తున్నారట. కళ్లు తెరిచి నీళ్లడిగిందట.

మామా రాత్రంతా ఆసుపత్రిలో దాని మంచం పక్కనే కూర్చుంది. పోయినేడు నాకు జ్వరమొస్తే గుమ్మంలో నిలబడే అడిగింది, ఎట్లుంది అని.

ఇదా ఇప్పుడు రాయాల్సింది? ఇదే వస్తోంది పెన్నులో.


జనవరి 31

ఖాదర్ బాషా వచ్చాడు. ముఖంలో నవ్వు లేదు. తాళం తీసి, వెనక్కి వంగి, జాలీలోంచి ఒక తువ్వాలు లాగాడు. ఆ దుమ్ము రోజుది. ఎండి అట్టలా అయిపోయింది, విరుగుతుందేమో అన్నంత.

"ఎవురు పెట్టినారు ఈ గుడ్డ?"

మామా నా వైపు చూసింది. నేను మసి వైపు చూశాను. "కింద మూసింది రమీజా" అన్నాను.

"ఆ పాప ఏం చేస్తాది? ఇంటామె మూయమంటే మూస్తాది. నేను సిన్నగా చెప్తిని, ఈమె గట్టిగా అరుస్తాది. ఎవురి మాట ఇంటాది?" తెలుగులోనే అన్నాడు, మామాకి అర్థం కాకుండా. అప్పుడు కూడా దాన్నే వెనకేసుకొచ్చాడు.

మధ్యాహ్నం దాకా లోపలి మసి గీకాడు. బ్రష్షుతో గొట్టం తోమాడు. డీజిల్ చిమ్మే ముక్కు మార్చాడు, ఫిల్టరు మార్చాడు. అంటించి, చిన్న కన్నంలోంచి నన్ను చూడమన్నాడు. తేటగా, నిటారుగా ఉంది మంట. ప్రతిదీ నాకే చెప్పాడు ఈసారి, ఏడాదికోసారి ఏం తియ్యాలో ఏం తోమాలో. నేను అడగని వాటికి కూడా జవాబులు.

"ఇంగ తాళం నీకాడే ఇంజనీరమ్మా."

ఇన్నాళ్లు కావాలనుకున్నది. చేతిలో జిడ్డుగా ఉంది.


ఫిబ్రవరి 4

రమీజా వచ్చింది. చిక్కింది. మేడ మీద నూరా గదిలో పరుపు వేశారు.

కింది గది నాకు.


ఫిబ్రవరి 6

వెచ్చగానే ఉంది. జుట్టు ఆరుతోంది, బట్టలు ఆరుతున్నాయి. పడుకునే ముందు జాలీకి అరచేయి అడ్డం పెట్టి చూస్తాను, గాలి తగిలితే తాళం వేస్తాను.

మంచం మీద, పైన, గొట్టానికి ఒక సందు ఉంది. వేడి గాలి పైకి పోయే దారే... మాటలు కిందికి దిగుతాయి. "బుజ్జీ, ఇంకో కథ." దానికి జలుబు గొంతుతో రమీజా కథ. మామా నవ్వు కూడా. పైన ముగ్గురు.


ఫిబ్రవరి 10

ఈ మధ్యాహ్నం దిగి వచ్చింది. దాని పాత మంచం అంచున కూర్చుంది. ఈసారి "కూచో" అన్నది నేను.

"నువ్వే లాగినావంట గదా అక్కా నన్ను."

"ఆ."

"మా యమ్మకు ఉత్తరం రాయించల్ల. నీ పేరు పెట్టి."

"అవేం వద్దులే."

కొంగు అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది. "ఆ పొద్దు తాళం అడిగితివి గదా... నేనే ఈయకపోతి. అక్కా, నీకు ముందే తెలుసునా?"

"నాకూ తల నొప్పి పుట్టింది, అంతే."

"అంతేనా?"

పైనుంచి నూరా పిలిచింది. లేచింది. తలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసి మెట్లెక్కింది. తిట్టినా బాగుండేది.


ఫిబ్రవరి 12

దాని పక్కన కూర్చుని అన్నం తినలేకపోతున్నాను. అది మాత్రం నా పళ్లెంలో పచ్చడి వేస్తుంది, అక్కా అంటుంది.


ఫిబ్రవరి 15

దుమ్ము. మళ్లీ ఆ పసుపు.

మామా గొంతు మెట్ల మీది నుంచి — "సక్కరీ! యల్లా, సుజాతా!" త్వరగా అని. నా చేతిలో తడి తువ్వాలు. జాలీలోంచి ఇసక చిమ్ముతోంది, నేల మీద అప్పుడే పలచగా పరుచుకుంది. చెప్పాను, దీన్ని మూయకూడదని. కింద నుంచి అరిచి చెప్పాను, పైకి వెళ్లి చెప్పాను. ఆమెకి గొట్టాల్లోంచి నూరా గదిలోకి దుమ్ము వస్తోందన్నదే తెలుసు. "మూయి. తర్వాత తీద్దువు."

తర్వాత తీద్దువు.

మూస్తే మంట కట్టేయాలి. కట్టేస్తే పైన చల్లబడుతుంది — నూరా గది, ఆ పరుపు, ఆ కథలు. అది కూడా బాగానే ఉందనిపించింది. సిగ్గుపడదామని కాసేపు కూర్చున్నాను, రాలేదు.

వంటింటి స్విచ్ కట్టేశాను. తర్వాత జాలీ మూశాను. ఆ వరస తప్పలేదు.

గోడ చల్లబడుతోంది. మోత లేకపోతే గది ఇంత పెద్దదా. పైన మాటలు ఆగాయి. ఎవరో తుమ్మారు. ఇప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు, దిగుతోంది... మామా అయితే తిడుతుంది. రమీజా అయితే మళ్లీ అడుగుతుంది, ముందే తెలుసునా అని.

మామా అయితే బాగుండు —